ముట్టుకోవద్దన్న సీసా

ఫోన్ మోగేసరికి నా రెండు చేతులూ తడి బట్టల్లో ఉన్నాయి. మా ఆయన పరిగెత్తుకొచ్చి స్పీకర్ నొక్కి నా చెవి దగ్గర పెట్టాడు.

"కెప్టెన్ గారు ఒప్పుకున్నారు. పైన రెండు గదులూ మీకే," అన్నాడు తాళాలాయన.

పిండుతున్న దుప్పటి జారి మళ్ళీ బకెట్లో పడింది. పడితే పడనీ! రెండు గదులు! అందులో ఒకదానికి తలుపు, ఆ తలుపుకి లోపలివైపు గడియ! పెళ్ళయిన దగ్గర్నుంచి నేను కోరుకున్నది నగ కాదు, చీర కాదు, ఒక్క గడియ.

మేం ఉంటున్నది బావగారి ఇంట్లో. ఆయనా, మా తోడికోడలూ వెన్నలాంటి మనుషులు. ఆవిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను, పిలిచినట్టే చూసుకుంటుంది. కానీ ఆ ఇంట్లో ఉన్నది ఒకటే పడగ్గది, అది వాళ్ళది. మా పక్క హాల్లో. ఫ్రిజ్ కూడా హాల్లోనే. ఆ ఇంట్లో అందరికీ దాహం ఎక్కువ. ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా నాటకంలో తెర లేచినట్టు వెలుగు మా మొహాల మీద పడుతుంది. బావగారు పాపం మర్యాదకి కళ్ళు మూసుకుని నీళ్ళు తాగుతారు. అందుకే సగం నీళ్ళు నేల మీద, ఒక్కోసారి మా దుప్పటి మీద.

"సాయంత్రం వెళ్ళి ఒకసారి కలవండి," తాళాలాయన ఇంకా చెప్తున్నాడు. ఇళ్ళు చూపించడం ఆయన పని. నడుముకి ఊళ్ళో సగం ఇళ్ళ తాళాలు వేలాడుతుంటాయి, మనిషి కంటే ముందు చప్పుడొస్తుంది. "వట్టి చేతుల్తో మాత్రం వెళ్ళకండి. కెప్టెన్ గారికి మంచి విస్కీ అంటే ప్రాణం. ఒక్క మంచి సీసా చేతిలో పెట్టారనుకోండి, మాట పక్కా. లేదంటే, ఈలోగా ఇంకెవరైనా వస్తే నన్నడక్కండి మరి."

ఫోన్ పెట్టేశాడు. మా ఆయన నన్ను బకెట్ చుట్టూ ఒక రౌండ్ తిప్పాడు. నేనూ తిరిగాను. కానీ తిరుగుతూనే ఆలోచిస్తున్నాను.

"నువ్వొకటి చెప్పు," అన్నాను. "ఆ గదులు అంతకాలం ఎందుకు ఖాళీగా ఉన్నాయి? వచ్చినవాళ్ళనందర్నీ వద్దన్నాయన, మన మొహాలైనా చూడకుండా ఎందుకు ఒప్పుకున్నాడు?"

"మొదలుపెట్టావూ!" అన్నాడు. "నీకు శుభవార్తకి కూడా రసీదు కావాలి."

ఏం చేయను, నా ఉద్యోగం అలాంటిది. బీమా ఆఫీసులో క్లెయిముల విభాగం. తగలబడిన గోదాములూ, కాలువలో పడిన కార్లూ, ప్రయాణంలో మాయమైన పెట్టెలూ అన్నీ నా టేబుల్ మీదికొస్తాయి. చేరిన రోజునే మా సెక్షన్ హెడ్ ఒక మాట చెప్పారు: "ఎక్కడ చూడొద్దంటారో అక్కడ చూడు." ఆ మాట పట్టుకుని నేను చాలామంది గుట్టు బయటికి లాగాను. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా ఆఫీసులో అది జీతం ఇస్తుంది.

మా ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. లోకాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తాడు, బావుందంటాడు. నేను తిరగేసి అడుగు చూస్తాను. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అని నా నమ్మకం. ఆ సాయంత్రం దాకా ఉండేది.

అసలు చిక్కేమిటంటే, మా ఇద్దరికీ విస్కీ అంటే ఓనమాలు తెలియవు. ఒక పెళ్ళిలో పొరపాటున పక్కవాడి గ్లాసు ఎత్తి తాగి వధూవరుల మీద అక్షింతలు వేసేదాకా ఎక్కిళ్ళు పెట్టడమే మా ఆయన అనుభవం. అందుకని బావగారిని అడిగాం. ఆయన ముందు వంటింటి వైపు చూశారు, తర్వాత గొంతు తగ్గించారు.

"రంగు చూడాలిరా. ఎంత ముదురు రంగైతే అంత పాతది. ఎంత పాతదైతే అంత మంచిది. పలచగా ఉంటే తాకొద్దు."

"మీకెలా తెలుసండీ?" వంటింట్లోంచి అక్క గొంతు.

"పేపర్లో చదివానోయ్."

"ఏ పేపరు? నాక్కూడా చూపించండి."

బావగారికి వెంటనే దాహం వేసింది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళిపోయారు.

*

షాపు వీధి మలుపులో ఉంది, మందుల షాపుకీ బూట్ల షాపుకీ మధ్య. అలాంటి చోటికి నేను వెళ్ళడం అదే మొదటిసారి. చున్నీ తలమీదికి లాక్కుందామా అనుకున్నాను గానీ, లోపలికి అడుగుపెట్టగానే మర్చిపోయాను. వీధివైపు కిటికీకి ఆనించి ఒక అద్దాల అర. దాన్నిండా సీసాలు. మధ్యాహ్నపు ఎండ వాటిల్లోంచి దూరి నేల మీద తేనె రంగు మరకలు వేస్తోంది. నా చెప్పు ముందుకి జరిపి ఆ రంగులో పెట్టి చూసుకున్నాను. ఎంత బావుందో! మా ఆయన కూడా తన బూటు పక్కన పెట్టాడు. అదో ఆనందం.

కౌంటర్ వెనక ఒకావిడ స్వెటర్ అల్లుతోంది.

"మా ఆయన క్షవరానికి వెళ్ళాడు," అంది సూదులు ఆపకుండా. "నాకు ధరలు తెలుసు, సరుకు సంగతి తెలీదు. ఏం కావాలో మీరే చెప్పండి."

"మంచి విస్కీ," అన్నాను.

"ఎవరికి?"

"ఎవరికైతే ఏం?" అన్నాను అనుమానంగా.

"ఏం లేదమ్మా. తాగేవాడికైతే ఒకటి, ఇచ్చుకునేవాడికైతే ఒకటి అంటాడు మా ఆయన." ఊలు ఉండ పక్కన పెట్టి, గోడ అరలోంచి ఒక సీసా తీసింది. "ఇది బాగా పోతుంది."

"బాగా పోయేదైతే అరలో ఇన్నెందుకున్నాయి?" అన్నాను.

ఆవిడ నా వంక ఒకసారి చూసి, సీసా వెనక్కి పెట్టి, లోపలి గదిలోకి వెళ్ళి అట్టపెట్టెలో ఉన్నదొకటి తెచ్చింది. "పోనీ ఇది. ఇచ్చుకోడానికి అందరూ ఇదే పట్టుకెళ్తారు."

నేను మా ఆయన చెవిలో అన్నాను: "కళ్ళ ముందు ఇన్ని పెట్టుకుని లోపల్నించి తేవడం ఎందుకు? అందులో ఏం కలిపారో ఏమో."

మా ఆయన సీసాని పెట్టెలోంచి తీసి వెలుతురుకి ఎత్తాడు. ఒక కన్ను మూశాడు. అద్దాలు చూసేటప్పుడూ అంతే, పెదవి కాస్త ముందుకొస్తుంది. ఆ పెదవి చూస్తే నాకు ఆఫీసు పనులన్నీ మర్చిపోవాలనిపిస్తుంది. "రంగు పలచగా ఉంది," అన్నాడు తీర్పు చెప్తున్నట్టు.

అప్పుడు చూశాం దాన్ని. కిటికీ దగ్గరి అద్దాల అరలో, పై వరసలో, లేబుల్ మీద తెరచాప ఓడ బొమ్మ ఉన్న పొడవాటి సీసా. లోపల ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు. దాని ముందు పక్కవన్నీ వెలిసిపోయినట్టున్నాయి. కెప్టెన్ గారికి ఓడ! దేవుడే పెట్టించినట్టుంది.

"అదివ్వండి," అన్నాను.

"అది వద్దమ్మా."

"ఏం?"

"ఆ అద్దాల అరలోవి ముట్టుకోవద్దన్నాడు మా ఆయన."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎందుకట?"

"ఏమో. పెళ్ళైన కొత్తలో అన్నిటికీ ఎందుకు అని అడిగేదాన్ని. ఇప్పుడు అడగను, ఆయనా చెప్పడు. హాయిగా ఉన్నాం."

నేను మా ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "చూశావా? అసలు సరుకంతా అక్కడుంది. తెలిసినవాళ్ళకి దాచుకున్నాడు. మనలాంటి అమాయకులకి లోపల్నించి తెచ్చిన కల్తీది అంటగడతారు."

"అలాగే అంటావా?"

"రంగు నువ్వే చూడు."

మా ఆయన చూశాడు. "రంగు మాత్రం అద్భుతం," అన్నాడు.

"పోనీ మీ ఆయనకి ఫోన్ చేసి అడగండి," అన్నాను ఆవిడతో. ఆవిడ చేసింది. కౌంటర్ కింది సొరుగులోంచి పాట వినిపించింది. ఫోన్ ఇక్కడే వదిలేసి వెళ్ళాడు.

"మంగలి షాపు పక్క సందులోనే కదా, నేను వెళ్ళి అడిగొస్తా," అన్నాడు మా ఆయన.

"అడిగితే వద్దంటాడు. అదేగా గొడవ!" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు చాలా తెలివిగా అనిపించింది. ఇప్పుడు తల్చుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తోంది.

తర్వాత నేను చేసిన పని మా ఆఫీసులో అవతలివాళ్ళు చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బతిమాలాను. కొత్తగా పెళ్ళయిందన్నాను, హాలన్నాను, ఫ్రిజ్ అన్నాను, గడియ అన్నాను. ఫ్రిజ్ మాటకి ఆవిడ లొంగిపోయింది. నవ్వు ఆపుకోలేక ఊలు ఉండ జార్చేసింది.

"నువ్వు చెప్పకముందే అనుకున్నాలే కొత్త జంటని. ఇద్దరూ కలిసి విస్కీ కొనడానికొచ్చారు. ఏడాది పోనీ, ఒక్కరే వస్తారు." అరకి తాళం తీసింది. "తీసుకోండి. ఆయనతో నేను పడతాను. ఒక్క సీసాకి కొంప మునగదు."

ధర చీటీ సీసా మెడకే వేలాడుతోంది, అదే ఇచ్చాం. సీలు నేను పరీక్షగా చూశాను. మూత చుట్టూ బంగారు రంగు కాగితం, దాని మీద బిగుతుగా పాలిథిన్ పొర, ఎక్కడా చిరుగు లేదు. నా ఉద్యోగంలో ఎన్ని సీళ్ళు చూశాను! దీనికి మనసులోనే పూర్తి మార్కులు వేశాను.

*

కెప్టెన్ గారి తలుపు కెప్టెన్ గారే తీశారు. గుండ్రటి మనిషి, బట్టతల, మొహం నిండా నవ్వు. ఓడలు బాగుచేసే కంపెనీలో పనిచేసి రిటైరయ్యారట.

"ఏ ఓడకండీ మీరు కెప్టెను?" అని మా ఆయన భక్తిగా అడిగాడు.

"ఓడకి కాదు బాబూ, కంపెనీ వాలీబాల్ జట్టుకి," అన్నారాయన. మా ఆయన చేతి సంచిలోని తెరచాప ఓడ వంక దిగులుగా చూశాడు.

"మా ఆవిడ టైలరింగ్ క్లాసు చెప్పడానికి వెళ్ళింది. తను వచ్చేలోపు పైన చూసొద్దాం రండి, రండి," అని ఆయన మెట్లెక్కారు. వచ్చేలోపు ఎందుకు? నా లోపలి సెక్షన్ హెడ్ గొంతు సవరించుకున్నారు.

కానీ గదులు! పెద్ద గదికి రెండు కిటికీలు. చిన్న గదిలోంచి వరండా, వరండాలోంచి వీధీ, వీధికి అవతల ఎవరిదో డాబా మీద ఎగురుతున్న తెల్ల దుప్పట్లూ. తలుపు దగ్గరకి వేసి గడియ పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. టక్కుమని ఎంత చక్కటి చప్పుడో! మా ఆయన అటు తిరిగి నవ్వుకుంటున్నాడు, వాడి చెవులు ఎర్రబడ్డాయి. మనసులో వాడు అనే అనుకుంటాను, ఎవరికీ చెప్పకండి.

అంతా దుమ్ము. నేల మీద, కిటికీ రెక్కల మీద, స్విచ్చుల మీద. అయితే వరండా కిటికీ దగ్గర ఒక కుర్చీ వీధి వైపు తిరిగి ఉంది, దాని మీద దుమ్ము లేదు. పక్కన గట్టు మీద ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంది. ఇల్లంతా బూడిద రంగులో ఉంటే అదొక్కటే తళతళలాడుతోంది.

"ఇక్కడెవరైనా ఉంటున్నారాండీ?" అన్నాను.

"అబ్బే, ఎవరున్నారమ్మా! పావురాలు," అన్నారు కెప్టెన్ గారు.

పావురాలు గ్లాసుతో తాగుతాయా అని నాలుక చివరిదాకా వచ్చింది. గడియ గుర్తొచ్చి మింగేశాను.

కిందికొచ్చి కూర్చున్నాక మా ఆయన సంచిలోంచి సీసా తీసి రెండు చేతులతో అందించాడు. కెప్టెన్ గారి మొహం చూడాలి! పసిపిల్లాడి చేతిలో గాలిపటం పెట్టినట్టు వెలిగిపోయింది. "అయ్యో, ఎందుకు బాబూ ఇవన్నీ," అంటూనే సీసాని గుండెకి హత్తుకున్నారు. అంతలో బయట గేటు కిర్రుమంది. ఆయన సోఫా దిండు వెనక్కి సీసాని తోశారు. అది పొడవైంది, మెడ బయటికొచ్చింది. దిండు నిలబెట్టారు. దిండు పడింది.

గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. సన్నటి మనిషి, మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి పిన్నిగారంటారని తాళాలాయన ముందే చెప్పాడు. ఆవిడ మమ్మల్ని చూడలేదు. దిండుని చూసింది.

"ఎవరు తెచ్చారు?"

కెప్టెన్ గారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. మా ఆయన లేచి నిలబడ్డాడు. "మేమేనండీ. పైన గదులకి వచ్చాం."

"తెమ్మని ఎవరు చెప్పారు?"

"తాళాలాయన. సార్‌కి మంచి విస్కీ ఇష్టమని..."

"ఇష్టమే. ఇష్టమనే గుండెకి స్టెంటు దాకా తెచ్చుకున్నారు. చుక్క ముట్టుకుంటే నా దగ్గరికి రావొద్దన్నాడు డాక్టరు." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బావుండేది. "ఇదివరకు పైన ఉన్నవాళ్ళూ ఇలాగే ప్రేమగా తెచ్చేవాళ్ళు. మెట్ల కింద దాచి మరీ ఇచ్చేవాళ్ళు. నాకు తెలిసేసరికి ఈయన ఆస్పత్రిలో ఉన్నారు. అందుకే వాళ్ళని ఖాళీ చేయించాను. తర్వాత ఎవరొచ్చినా ఈయనే వద్దంటున్నారు, పోనీలే బుద్ధొచ్చింది అనుకున్నాను. మీకు ఒప్పుకున్నారంటే ఎందుకో అనుకున్నా. ఇదన్నమాట." కొలతల టేపు మెడలోంచి తీసి చుట్టసాగింది. "కాఫీ తాగి వెళ్ళండి."

కాఫీ తాగి వెళ్ళండి. అంటే ఇక రావొద్దని. నా గడియ, నా వరండా, ఎవరిదో డాబా మీది తెల్ల దుప్పట్లు అన్నీ ఒక్కసారిగా వెనక్కి వెళ్ళిపోయాయి. ఇంటికెళ్తే ఫ్రిజ్.

ఆవిడ దిండు వెనకనించి సీసా లాగి వంటింట్లోకి నడిచింది. వెనకే కెప్టెన్ గారు, ఆయన వెనక మేము. పాలిథిన్ చింపి, మూత తిప్పి, సింకు మీద వంచబోయింది.

"ఏమోయ్, ఒక్కసారి వాసన చూడనీ," అన్నారు కెప్టెన్ గారు. "వాసనకి ఏ డాక్టరూ వద్దనలేదు. పాపం పిల్లలు ముచ్చటపడి తెచ్చారు."

ఆవిడ ఏమనుకుందో, సీసాని వదలకుండా ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చారు. కళ్ళు తెరిచారు. మళ్ళీ పీల్చారు. కనుబొమలు దగ్గరకొచ్చాయి. ఆవిడ ఆపేలోగా సీసా మూతికి వేలు పెట్టి నాలుక మీద రాసుకున్నారు.

"టీ!" అన్నారు.

"ఏమిటీ?"

"టీ నీళ్ళు. అదీ ఎప్పటివో!"

పిన్నిగారు కాస్త గ్లాసులో పోసి, వాసన చూసి, నాలుక చివర పెట్టి, వెంటనే సింకులో ఉమ్మేసింది. నాకు అప్పుడర్థమైంది, ఒక్క దెబ్బకి, మెట్ల మీంచి జారినట్టు. కిటికీలో ఎండలో పెట్టిన సీసాలు. మంచి సరుకు ఎవడైనా రోజంతా ఎండలో పెడతాడా? ఖాళీ సీసాల్లో టీ డికాక్షన్ పోసి, మూతలు బిగించి, పైన కొత్త పాలిథిన్ పొర తొడిగి, వీధిలో వెళ్ళేవాళ్ళు చూడ్డానికి పెట్టుకున్నాడు. ముట్టుకోవద్దన్నది అందుకు. అట్టపెట్టెలో తెచ్చిచ్చిందే అసలుది.

పిన్నిగారు మా వైపు తిరిగింది. ఆ మొహంలో ఏదో మెత్తబడింది.

"తెలిసే తెచ్చారా బాబూ?" అంది నెమ్మదిగా. "ఈయన సంగతి ఎవరైనా చెప్పారా? ఈయన మనసు కష్టపెట్టకూడదు, ఒంటికీ చెరుపు కాకూడదు అని... అందుకా టీ పోసి తెచ్చారు?"

మీరే చెప్పండి, అంత మంచి అబద్ధం ఎవరైనా పళ్ళెంలో పెట్టి ఇస్తారా? మనం వండక్కర్లేదు, వడ్డించక్కర్లేదు. తలూపితే చాలు, పై గదులు మావి. మా ఆయన నా వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. పాపం ఆయనకి కూడా ఆ ఫ్రిజ్ వెలుగే గుర్తొచ్చి ఉంటుంది.

"అ... అవునండీ," అన్నాడు.

అవునంటే అయిపోయింది. కానీ అవునంటే, ఆ గదిలో గడియ వేసుకున్న ప్రతిసారీ ఈవిడ కింద నా గురించి ఏమనుకుంటోందో నాకు తెలుస్తూ ఉంటుంది. నిజం తెలిసిన రోజున ఆ ముందున్నవాళ్ళ పక్కనే మమ్మల్నీ నిలబెడుతుంది. అలాగని కాదంటే మా ఆయన్ని కొత్తవాళ్ళ ముందు అబద్ధాలకోరుని చేసినట్టు. పెళ్ళయ్యాక నేనెప్పుడూ ఆయన మాట పదిమందిలో తీసెయ్యలేదు.

"కాదండీ," అన్నాను.

మా ఆయన నేల వంక చూశాడు.

"మాకేం తెలీదండీ. మంచి విస్కీ అనుకునే కొన్నాం. షాపావిడ ఇది వద్దని చెప్పింది. నేనే వినలేదు. ముట్టుకోవద్దన్నదంటే అసలు సరుకు అదే అనుకున్నాను. ఆవిడ మంచిది తెచ్చిస్తే కల్తీదని తిరగ్గొట్టాను. ఈయన అడిగొస్తానన్నా నేనే ఆపాను. ఈయన అవునన్నది కూడా..." ఆయన వైపు చూస్తూ అన్నాను, "నాకు ఈ గదులంటే ఎంత ఆశో తెలిసి అన్నాడు."

కెప్టెన్ గారి పొట్ట కదలడం మొదలైంది. నవ్వు. వంటింటి గట్టు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వు. "షో బాటిలు! బతిమాలి మరీ కొన్నారు షో బాటిలు!"

"కూర్చోండి ముందు. గుండె జాగ్రత్త," అని స్టూలు లాగింది పిన్నిగారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తోంది, నేను ఆఫీసులో క్లెయిము కాగితాలు చూసినట్టు.

"అంటే నీకు ముట్టుకోవద్దంటే ముట్టుకునే అలవాటన్నమాట."

"నా ఉద్యోగం అండీ," అని బీమా ఆఫీసు సంగతి చెప్పాను.

"ఎవర్నీ నమ్మవా?"

"మా ఆయన్ని నమ్ముతాను." అది అప్రయత్నంగా వచ్చేసింది. మా ఆయన తలెత్తాడు.

"మరి మా ఇంట్లో నీకేం అనుమానాలొచ్చాయి? వచ్చే ఉంటాయి. చెప్పు."

స్టూలు మీద నవ్వు ఠక్కున ఆగింది. కెప్టెన్ గారి కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి, మధ్యాహ్నం నేను షాపావిడని బతిమాలినట్టే. బోర్లించిన గ్లాసు, దుమ్ము లేని కుర్చీ, వచ్చినవాళ్ళనందర్నీ ఆయనే వద్దనడం. పై గదులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో నాకు తెలిసిపోయింది. మాకు ఎందుకు ఒప్పుకున్నారో కూడా. చేత్తో సీసా పట్టుకుని మెట్లెక్కే అమాయకులు దొరుకుతారని తాళాలాయన ఆశపెట్టి ఉంటాడు. చెప్తే ఈ పెద్దాయన పరువు నా చేతుల మీదుగా పోతుంది. చెప్పకపోతే ఆయన గుండె.

"వచ్చాయండీ," అన్నాను. "కానీ అవన్నీ పై గదులు ఖాళీగా ఉండటం వల్ల వచ్చినవి. ఎవరైనా కాపురం పెడితే వాటంతటవే పోతాయి."

పిన్నిగారు నన్ను చూసింది. ఆయన్ని చూసింది. ఆయన స్టూలు మీద ఇంకాస్త చిన్నగా అయ్యారు. ఆవిడ కళ్ళు ఒకసారి పైకి, కప్పు వైపు వెళ్ళి వచ్చాయి. అంతే. ఒక్క మాట అడగలేదు. దర్జీకి కొలత అందితే చాలు కదా.

"పై తాళం ఇలా ఇవ్వండి," అంది ఆయనతో.

ఆయన జేబులోంచి తీసి ఇచ్చారు. "నీ అనుమానం తగలెయ్య," అని నాకు మాత్రమే వినపడేలా గొణిగారు. కానీ కోపంగా అనలేదు, వాలీబాల్ ఆటలో ఓడినవాడు చేయి కలిపినట్టు అన్నారు.

వీధిలోకొచ్చాక మా ఆయన నాకంటే రెండడుగులు ముందు నడిచాడు. నేను పరిగెత్తి పక్కకొచ్చాను.

"కోపమా మీకు?" అన్నాను. కంగారు పడితే నాకు నువ్వు పోయి మీరు వస్తుంది.

"లేదు," అన్నాడు. "అవును అనేటప్పుడు నాకే తెలుసు, నువ్వు కాదంటావని. అయినా అనేశాను. ఎందుకో తెలుసా? ఒకవేళ నువ్వూ అవునంటావేమో అని చిన్న ఆశ." తర్వాత నవ్వాడు. "అనుంటే రేపట్నుంచి నిన్ను అనుమానించాల్సొచ్చేది."

వీధి మధ్యలో ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎవరు చూస్తే నాకేం!

ఇంటికెళ్ళేసరికి బావగారూ అక్కా గుమ్మంలోనే కాచుకుని ఉన్నారు. "ఏమైంది? విస్కీ నచ్చిందా? ఇల్లు ఇచ్చారా?" అని ఇద్దరూ ఒకేసారి.

"విస్కీ కథ తర్వాత చెప్తానక్కా, పెద్దది," అన్నాను. "ముందు రెండు బకెట్లూ, పాత గుడ్డలూ తీసి ఉంచు. రేపు పొద్దున్నే వెళ్ళి పై గదులు కడగాలి. పిన్నిగారు తనే పక్కనుండి ప్రతి మూలా కడిగిస్తానన్నారు. మధ్యాహ్నానికి నేల ఆరుతుంది. బావగారూ, అప్పుడు మీరు మంచానికి ఒక చివర పట్టుకోవాలి."